పిచ్చుకలు తిన్న రికార్డు

మొన్నీమధ్య నేను కూడా ప్రపంచ రికార్డు సాధించాను. నవ్వకండి, కాగితం ఉంది. మా అపార్ట్‌మెంటు సెక్రటరీ కుర్రాడు పొద్దున్నే తలుపు కొట్టి, "ఆంటీ, ఉప్పల్ల గ్రౌండుల పెద్ద ముగ్గు ఏస్తున్నరు, ప్రపంచ రికార్డుకు. మన బ్లాకు నుంచి నలుగురన్న రావాలె. ఊకె కూసోని రంగు నింపుడే" అన్నాడు. ఊరికే కూర్చోవడంలో నాకు మంచి అనుభవం ఉంది కాబట్టి వెళ్ళాను.

మైదానమంతా సున్నపు గీతలతో గళ్ళు కొట్టి ఉంచారు. గడికొక ఆడమనిషి. చేతిలో రంగు పొట్లం, నెత్తిన ఎవరి ప్రకటనో ఉన్న టోపీ. నాకు పసుపు వచ్చింది. నా గడిలో ఉన్నది పువ్వు రేకో, నెమలి మెడో నాకైతే తెలియలేదు, పైన తిరుగుతున్న డ్రోనుకే తెలియాలి. మైకులో ఒకాయన "అమ్మా, గడి దాటొద్దు" అని చెప్పిందే చెబుతున్నాడు. ఎండ ముదరకముందే అంతా అయిపోయింది. పులిహోర పొట్లం, నీళ్ళ సీసా, వాటితోపాటు నా పేరు అచ్చువేసిన సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు.

నాచారంలో ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే పసుపు రంగు ఇసక సింకులోకి జారిపోయింది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. అచ్చులో పేరు. ఆ మాట కోసం ఒకప్పుడు ఇదే నాచారంలో మా అత్తయ్య ఎంత ఆరాటపడిందో గుర్తొచ్చి, పులిహోర పొట్లం విప్పబుద్ధి కాలేదు.

అప్పట్లో మాది ఫ్యాక్టరీల వెనక ఒక రేకుల ఇల్లు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన నాన్న సర్కారు ప్రయోగశాలలో గుమాస్తా. గాలి ఒకవైపు నుంచి వీస్తే బిస్కెట్లు కాలే వాసన, మరోవైపు నుంచి వీస్తే రంగుల కంపెనీ ఘాటు వచ్చేవి. బిస్కెట్ల గాలి వచ్చిన రోజున నేనూ తమ్ముడూ గోడ మీద కూర్చుని అన్నం తినేవాళ్ళం, వాసన నంజుకుంటూ. ఉప్పల్ వైపు నడిస్తే ద్రాక్ష తోటలు, వాటి కంచెలు, మధ్యమధ్య ఏనుగులంతేసి బండలు. ఇప్పుడు ఆ బండల మీద కూడా అపార్ట్‌మెంట్లే ఉన్నాయి.

ఆ ఏడు ధనుర్మాసంలో అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. సాయానికి అత్తయ్య వచ్చింది. అత్తయ్య అంటే నాన్నకు స్వయానా చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మావయ్య పోతే, వాళ్ళ బావగారింట్లోనే ఉండిపోయింది. ఉండిపోయింది అని మేం అనేవాళ్ళం. వంట, వార్పు, గొడ్డూ గోదా అన్నీ ఆవిడ మీదే నడిచేవి. అక్కడ వీధి ముగ్గు తోడికోడలు వేసేదట. అత్తయ్యది పెరటి ముగ్గు. బావి పక్కన, పొట్లపాదు కింద, ఎవరూ చూడని చోట.

అందుకేనేమో, మా ఇంటికి వచ్చిన మర్నాడు కళ్ళాపి జల్లి వీధి గుమ్మంలో కూర్చున్న అత్తయ్య ఎంతకీ లోపలికి రాలేదు. వెళ్ళి చూస్తే, చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పుతూ, గేటు దాటి రోడ్డు మీదకి వచ్చేసింది. మెలికల ముగ్గు అంటే ఒక్కటే గీత. ఎన్ని వంకర్లు తిరిగినా ఎక్కడా తెగకుండా మొదలుపెట్టిన చోటికే వచ్చి కలవాలి.

ఎదురింటి పెద్దమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాళ్ళది ఘట్‌కేసర్ అవతల పల్లె. భర్త ఫ్యాక్టరీలో ఫిట్టరు. పండగకు ముందు ఆవిడ చేసే సకినాలు మా వీధంతటికీ పంచేది. బియ్యప్పిండిలో నువ్వులు, వాము వేసి, తడి బట్ట మీద చేత్తోనే చుట్లు చుట్లుగా తిప్పి, నూనెలో వేసేది.

"ఏం చెల్లె, గిదేం ముగ్గు? సూస్తుంటే కండ్లు తిరుగుతున్నయ్" అంది పెద్దమ్మ. కాసేపు అత్తయ్య వేళ్ళనే చూసి, "నీది సకినాల చెయ్యి. నాతోని రా, నేర్పిస్త" అని పిలిచింది. ఆ మధ్యాహ్నానికల్లా ఇద్దరూ ఒకే బట్ట మీద సకినాలు తిప్పుతున్నారు, మధ్యలో నేను విరిగినవి ఏరుకుంటున్నాను.

రికార్డుల పిచ్చి మాకు పట్టింది కూడా అప్పుడే. నాన్న తెచ్చిన వేరుశనక్కాయల పొట్లం విప్పితే, ఏదో పత్రికలో చిరిగిన పేజీ. ప్రపంచ రికార్డులట, అందులో మన దేశం వాళ్ళవి. ఒకాయన చిన్నప్పటి నుంచీ ఒక చేతి గోళ్ళు తియ్యలేదు, అవి పొట్టేలు కొమ్ముల్లా చుట్టుకుపోయాయి. ఒకాయన మీసం కత్తిరించలేదు, చివరలు పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకాయన కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. నాకైతే ఇంకే ధ్యాసా లేదు. ఆ గోళ్ళాయన చొక్కా ఎలా తొడుక్కుంటాడు? మీసాలాయన పప్పుచారు ఎలా తాగుతాడు? నిలబడ్డాయనకు నిద్ర వస్తే? నాన్నను అడిగితే "చదువుకోవే" అనేవాడు.

తమ్ముడు నిలబడే రికార్డు తనదేనన్నాడు, అదీ ఒంటికాలి మీద. ఆ సాయంత్రం నాన్న నీళ్ళు తెమ్మంటే చెంబు పట్టుకుని కుప్పిగంతులు వేస్తూ వచ్చాడు. సగం నీళ్ళు అమ్మ మంచం మీద పడ్డాయి. "రెండో కాలు ఎవడికిచ్చొచ్చావురా?" అని నాన్న చెవి మెలేశాడు. నేను ఎడమచేతి చిటికెన వేలి గోరు పెంచడం మొదలుపెట్టాను. అత్తయ్య దానికి గుడ్డపీలిక కట్టి కాపాడింది. తీరా చింతపండు పిసుకుతుంటే చారులో విరిగిపోయింది. ఆ పూట చారు ఎవరూ తాగలేదు, నేను మాత్రం గిన్నెలో గోరు వెతుక్కున్నాను.

ఆ పేజీని పదేపదే చదవగా నాకొకటి తట్టింది. మనవాళ్ళ రికార్డులు చాలావరకు ఏదో ఒకటి చెయ్యకుండా ఉండటంలో వచ్చినవే. గోళ్ళు తియ్యకుండా, మీసం కత్తిరించకుండా, కూర్చోకుండా. ఈ గొప్ప సంగతి అత్తయ్యకు చెప్పాను. ఆవిడ అప్పుడు తమ్ముడికి అన్నం కలిపి పెడుతోంది.

"అది సరే గానీ, ఆ గోళ్ళాయనకు అన్నం ఎవరు కలిపి పెట్టారే?" అంది.

నేనా ఆలోచనే చెయ్యలేదు. పేజీ తిరగేసి చూశాను.

"రాయలేదత్తా."

"రాయరులే" అంది, ఇంకో ముద్ద కలుపుతూ.

అత్తయ్యకు అసలు దిగులు వేరే ఉంది. మా వీధి చివర కొత్తగా ఒక చిన్న స్కూలు పెట్టారు. అందులో డ్రాయింగు, కుట్లు నేర్పే టీచరు కావాలని తెలిసి నాన్న అత్తయ్యను తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. కరస్పాండెంటు మంచివాడే, ఆవిడ నేల మీద సుద్దతో వేసిన ముగ్గు చూసి లేచి నిలబడ్డాడు కూడా. కానీ, "డ్రాయింగు పరీక్ష ప్యాసైనట్టు సర్టిఫికెట్టు ఉందామ్మా?" అని అడిగాడు. లేదు. "పోనీ, మీ పని గురించి ఎక్కడన్నా అచ్చులో పేరు పడిందా? తల్లిదండ్రులకు చూపించుకోవాలి గదా." అదీ లేదు. "ఏదన్నా ఒకటి పట్టుకురండి, పండగ తర్వాత చేరిపోదురుగాని" అన్నాడు.

అక్కడ ఊళ్ళో బావగారేమో పండగ వెళ్ళగానే వచ్చి తీసుకెళ్తానని కబురు పెట్టాడు. అంటే ఆలోపు అచ్చులో పేరు పడితే అత్తయ్య మాతోనే ఉంటుంది, పడకపోతే మళ్ళీ పొట్లపాదు కిందికే. ఆ లెక్క ఇంట్లో అందరికీ తెలుసు. అత్తయ్య ఒక్కతే పైకి అనేది కాదు, కానీ కూర తరుగుతూ కూడా వేలితో పీట మీద మెలికలు తిప్పుతుండేది.

నేనే అన్నాను, అత్తయ్య ముగ్గు ప్రపంచంలో అందరికంటే పొడుగైతే అచ్చులో వేస్తారు గదా అని. పిల్లమాటని కొట్టేస్తారనుకున్నాను, నాన్న కొట్టెయ్యలేదు. ఆయన ఆఫీసులో ఒకాయన బామ్మర్ది పేపర్లో ఫోటోలు తీసేవాడు. ఆదివారం పేజీకి వింతలూ విశేషాలూ ఏరుకునేవాడు. మా గేటు నుంచి వీధి చివరి బోరింగు దాకా పోయి, తెగకుండా వెనక్కి వచ్చే మెలికల ముగ్గు వేస్తే, వచ్చి కొలిచి, ఫోటో తీసి, అత్తయ్య పేరుతో వేస్తానన్నాడు. అది రికార్డో కాదో తేల్చేవాళ్ళకు కూడా తనే పంపిస్తానన్నాడు. ఒక రోజు అనుకుని, ఆ పొద్దున్నే వస్తానని మాటిచ్చాడు.

మొత్తం వీధి కదిలింది. గిర్నీలో బియ్యం ఆడించుకొచ్చారు. ఎదురింటి పెద్దమ్మకు మాత్రం ఇది నచ్చలేదు.

"గంత బియ్యప్పిండి మన్నుల పోస్తవా చెల్లె? రాయిపిండితోని ఎయ్యి. మాపటిదాంక చెక్కుచెదరది" అంది. సకినాల కోసం బియ్యప్పిండిని గింజ పోకుండా చూసుకునే మనిషి మరి.

"రాయిపిండితో వేస్తే అదేం ముగ్గక్కా, గోడకు సున్నం కొట్టినట్టు ఉంటుంది. పొద్దున్నే నాలుగు నోళ్ళు తినొద్దూ?" అంది అత్తయ్య.

"గా పేపరాయన జర లేటైతే?"

"పొద్దున్నే వస్తాడంటగా" అంది అత్తయ్య. నాన్న కూడా వస్తాడనే అన్నాడు. మా వాళ్ళకు ముగ్గంటే బియ్యప్పిండే, అంతకు మించి ఆలోచించడానికి ఏమీ ఉందనుకోలేదు.

ఆ రోజు ఇంకా మంచు విడవకముందే అత్తయ్య వంగింది. పేడ నీళ్ళు చల్లిన వాసన, పచ్చి గుమ్మడిపూల వాసన, ఆ రోజు బిస్కెట్ల గాలి కూడా. నేను పిండి గిన్నె పట్టుకుని వెనకాలే నడిచాను. సైకిళ్ళ మీద డ్యూటీకి పోయే ఫ్యాక్టరీ వాళ్ళు దిగి, గోడవారగా నడిపించుకుంటూ పోయారు. పాలవాడు గేదెను పక్క వీధిలోంచి తిప్పుకెళ్ళాడు. అత్తయ్య నడుము ఎత్తలేదు. బోరింగు దాకా పోయి, తిరిగి, ప్రతి చుక్కనూ చుట్టుకుంటూ వచ్చి, మా గేటు ముందు మొదటి చుక్క దగ్గర గీత కలిపింది. అప్పుడు లేచి కొంగుతో మొహం తుడుచుకుని వీధి వైపు చూసింది. ఆవిడ అంత తీరిగ్గా నిలబడి తన పనిని తను చూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

పేపరాయన రాలేదు. పిచ్చుకలు వచ్చాయి.

ముందు ఒకటి, తర్వాత రెండు, తర్వాత రేకుల కింద గూళ్ళలో ఉన్నవన్నీ. వాటికది కొత్తేం కాదు. అత్తయ్య వచ్చినప్పటి నుంచీ రోజూ ఆ వేళకు ముగ్గు తినడానికి దిగుతున్నవే. ఇవాళ వీధి పొడుగునా విందు. నేనూ తమ్ముడూ తువ్వాళ్ళు తీసుకుని పరిగెత్తాం.

"తోలకండే" అంది అత్తయ్య.

"అత్తా, గీత తెగిపోతోంది" అన్నాను.

"తినటానికే గదే వేసింది."

"మరి పేపరాయన?"

ఆవిడ వీధి చివరికి చూసింది, పిచ్చుకల వంక చూసింది. ఒక్కసారి చెయ్యి పైకి లేపింది. హమ్మయ్య, తోలుతోంది అనుకున్నాను. లేపిన చెయ్యి అలాగే ఆగి, మెల్లగా కిందికి దిగిపోయింది. ఇంక లోపలికి వెళ్ళి అమ్మకు జావ కాచింది.

ఆయన వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఉప్పల్‌లో బస్సు దిగి, దారి అడిగితే ఎవరో దగ్గరదారని ద్రాక్ష తోటల వెంట పంపారట. కంచెలు దాటుకుంటూ, మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ముతో వచ్చాడు. ముగ్గు అప్పటికి అక్కడక్కడా మాత్రమే ఉంది.

"ఏంది సారూ, జర ముందుగాల రావద్దా? మా చెల్లె పొద్దు పొడవకముందు నుంచి నడుము ఇరగొట్టుకున్నది" అని ఎదురింటి పెద్దమ్మ తగులుకుంది. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

"అమ్మా, తెగినకాడ కలపండి. నేను చాయ్ తాగొస్త. కలిపినంక వచ్చి కొలుస్త" అన్నాడు.

పెద్దమ్మ పరుగున పోయి గంపెడు రాయిపిండి తెచ్చింది. అత్తయ్య కూర్చుంది. తెగిన చోటల్లా కలుపుతూ పోయింది. నాలుగు మెలికలు కలిపిందో లేదో, ఒక పిచ్చుక వచ్చి ఆ తెల్లటి రాయిపిండిని ముక్కుతో పొడిచింది. తల విదిలించింది. మళ్ళీ పొడిచింది. ఇంకో రెండు దిగాయి.

అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. "రాయి తింటున్నాయక్కా" అంది. అని, కలిపినదాన్ని అరచేత్తో తుడిచేసింది.

పిట్టలు అరుగుదల కోసం ఇసకా, రాళ్ళూ కావాలనే మింగుతాయట. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆ రోజు ఆ వీధిలో ఒక్కరికి తెలిసినా బాగుండేది.

ఫోటో మాత్రం పడింది. ఆయన ఉత్తచేతులతో పోలేక, మిగిలిన ముగ్గు మీద మెలికలు తిరిగి కూర్చున్న పిచ్చుకల వరసను తీసుకున్నాడు. ఆదివారం పేజీలో వచ్చింది. కింద ఒక వాక్యం, నాచారంలో పిచ్చుకల విందు అని. అత్తయ్య పేరు లేదు. నేను వెనక పేజీ కూడా వెతికాను.

అత్తయ్య ఆ పేపరు మడిచి పట్టుకుని స్కూలుకు వెళ్ళింది. "ఇది నా ముగ్గేనండి" అని చూపించింది. కరస్పాండెంటు కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "ముగ్గేదమ్మా? అన్నీ పిట్టలే ఉన్నాయి" అన్నాడు. వెటకారంగా అనలేదు, నిజంగానే వెతికాడు. పండగ వెళ్ళాక బావగారు వచ్చాడు. అత్తయ్య పొద్దున్నే గుమ్మంలో చిన్న ముగ్గు వేసి, పెద్దమ్మ కట్టిచ్చిన సకినాల మూటతో బస్సెక్కింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఒక్కసారి హుష్ అని ఉంటే మాతో ఉండేది గదా అని. ఆ కోపం ఏళ్ళ తరబడి పోలేదు.

డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి వాళ్ళ ఊరు వెళ్ళాను. పెరట్లో పొట్లపాదు కింద ఇద్దరం కూర్చున్నప్పుడు అడిగేశాను. "ఆ రోజు చెయ్యి లేపావు గదత్తా, మరెందుకు తోలలేదు?"

ఆవిడకు వెంటనే గుర్తొచ్చింది. అంటే మర్చిపోలేదన్నమాట.

"తోలదామనే లేపానే" అంది. "అవి ఎగిరిపోతాయనుకున్నాను. పిండి వేస్తున్నాననుకుని ఇంకా దగ్గరికొచ్చాయి. ఇంక ఆ చేత్తో ఎట్లా తోలేది?"

అత్తయ్య పోయి చాలాకాలమైంది. ఎదురింటి పెద్దమ్మా లేదు. ఆ రేకుల ఇళ్ళు లేవు, రేకులు లేవు కాబట్టి వాటి కింద పిచ్చుకలూ లేవు. ఇప్పుడు ఉన్నవి పావురాలు. అవి రాకుండా మా బ్లాకంతా బాల్కనీలకు వలలు కట్టించుకున్నాం. గుమ్మాల ముందు అంటించే ముగ్గులు. నాకూ ఒకటి ఉంది, లోటస్ డిజైను, తడిగుడ్డతో తుడిస్తే చాలు. గోళ్ళాయనకు అన్నం కలిపి పెట్టినవాళ్ళెవరో ఇప్పటికీ నాకు తెలియలేదు, అప్పుడప్పుడూ వెతుకుతూనే ఉంటాను.

సర్టిఫికెట్టు వచ్చిన మర్నాడు ఆ అంటించిన ముగ్గును గోళ్ళతో గీకి తీసేశాను. డబ్బాలో ఉన్న బియ్యప్పిండి తీసి, మోకాళ్ళు మొరాయిస్తున్నా కూర్చుని, చిన్న మెలికల ముగ్గు వేశాను. రెండుచోట్ల తప్పాను, మొత్తానికి కలిపాను. ఐదో అంతస్తు వరండాలో ఎవరొస్తారు తినడానికి అని నవ్వుకుంటూ కాఫీ కలుపుకుని వచ్చేసరికి, లిఫ్టు పక్కన గోడ పగులులోంచి ఒక చీమ బయలుదేరింది. దాని వెనక ఇంకొకటి.

మెట్లు ఊడుస్తున్న వాచ్‌మన్ భార్య చూసింది. "అమ్మా, చీమలు వడ్తున్నయ్. మందు సుద్ద తెచ్చి గీత గియ్యనా? ఒక్కటి గూడ దాటది" అంది.

చీమలు అప్పటికే మొదటి మెలిక మీదికి ఎక్కాయి. ఒకదాని వెనక ఒకటి, గీత ఎటు తిరిగితే అటు తిరుగుతూ, తెగకుండా పోతున్నాయి.

వద్దని చెప్పడానికి చెయ్యి లేపాను. దాని నీడ చీమల మీద పడింది. అవి ఆగలేదు.